ఎల్డర్‌బెర్రీ రసం: కాడ వలిచి, కాచి, ఆ తర్వాతే వడకట్టాలి

ప్రశ్న: మా పెరట్లో గుత్తులుగా చిన్న నల్లని పండ్లు కాసే ఎల్డర్‌బెర్రీ పొద ఉంది. నిరుడు గుత్తులు కోసి, కడిగి, కాడలతో సహా మిక్సీలో తిప్పి గుడ్డలో వడకట్టాం. రసం చేదుగా, ఆకుపసరు వాసనతో వచ్చింది. ఒక్కో గ్లాసు తాగిన ఇద్దరికి అరగంటలో కడుపులో తిప్పి వాంతులయ్యాయి. మిగిలింది పారబోశాం. ఈ ఏడు పొద విరగకాసింది. మూడు కిలోల దాకా గుత్తులు కోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాను. పచ్చి రసం అసలు తాగకూడదా? ఎంతసేపు కాచాలి? కాడలు తీయడానికి తేలిక దారి ఏదైనా ఉందా? సీసాల్లో పోసి ఏడాది పొడవునా దాచుకోవచ్చా?
- ఒక పాఠకురాలు

సమాధానం: పచ్చి రసం తాగకూడదు. మీ ఇంట్లో వాంతులకు పండు చెడిపోయి ఉండనక్కర్లేదు, కాడలతో కలిపి పచ్చిగా మిక్సీలో వేయడమే చాలు. ఎల్డర్ మొక్క ఆకుల్లో, కాడల్లో, బెరడులో, వేళ్లలో, పచ్చికాయల్లో, గింజల్లో సాంబునిగ్రిన్ అనే పదార్థం ఉంటుంది. అది ఉన్నచోట ఉన్నంతవరకు ఊరుకుంటుంది. నలిపినా, రుబ్బినా మొక్కలోనే ఉండే ఎంజైమ్ దాన్ని విడగొట్టి హైడ్రోజన్ సయనైడ్‌ను బయటికి తెస్తుంది. మిక్సీ బ్లేడు చేసేది సరిగ్గా అదే పని. కాడను నుజ్జు చేస్తుంది, గింజను పగలగొడుతుంది, ఎంజైమ్‌నూ సాంబునిగ్రిన్‌నూ ఒకచోట కలుపుతుంది. దీనికి తోడు పచ్చి పండులో లెక్టిన్లనే ప్రొటీన్లు కూడా ఉంటాయి. కడుపును తిప్పే గుణం వాటికీ ఉంది.

1983 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరే కౌంటీలో అచ్చం ఇలాగే జరిగింది. 25 మంది ఒకచోట చేరిన సందర్భంలో అడవిలో కోసిన ఎల్డర్ గుత్తులను ఆకులు, కొమ్మలు తీయకుండా స్టీలు ప్రెస్‌లో పిండి, ఆపిల్ రసం, నీళ్లు, పంచదార కలిపి తాగారు. పావుగంటలో 11 మందికి వికారం, వాంతులు మొదలయ్యాయి. ఎనిమిది మందిని హెలికాప్టర్‌లో ఆసుపత్రికి చేర్చారు. ఐదు గ్లాసులు తాగిన మనిషి మగతలోకి వెళ్లిపోయాడు. తర్వాత అందరూ కోలుకున్నారు. మీ ఇంట్లో ఒక్క గ్లాసుతో ఆగడం, మిగిలింది పారబోయడం మంచిదైంది.

పిట్టలు పచ్చిగానే తింటున్నాయి కదా, మనకేం అవుతుంది అని చాలామంది అడుగుతారు. పిట్ట గింజను నమలదు, మింగి అలాగే విసర్జిస్తుంది. పైగా దాని ఒళ్లు వేరు, మన ఒళ్లు వేరు. పిట్ట తిన్నదని ఏ అడవి పండునూ నమ్మడానికి లేదు.

బాగా పండిన పండు గుజ్జులో ఈ విషపదార్థం చాలా తక్కువ. ఆ కాస్తా వేడికి తగ్గిపోతుంది, లెక్టిన్లూ వేడికి పనిచేయడం మానేస్తాయి. అలాగని కాడలతో సహా వేసి ఎక్కువసేపు కాస్తే సరిపోతుందనుకోకండి. కాడలూ ఆకులూ తెచ్చే మోతాదు వేరు, అంతటినీ కాచి పోగొడతామన్న భరోసా లేదు. ముందు కాడ తీయాలి, ఆపైన కాచాలి. ఒకదానికి ఒకటి బదులు కాదు.

రసం దగ్గరికి వెళ్లే ముందు పొదను ఒకసారి చూసుకోండి. మీరు పెంచుకున్న మొక్కే అయితే ఈ భాగం వదిలేయవచ్చు. దానంతటది మొలిచినదైతే వదలకండి. రసానికి పనికొచ్చేవి యూరప్ నల్ల ఎల్డర్, ఉత్తర అమెరికా ఎల్డర్, పండు మీద తెల్లటి పొడి పట్టి నీలంగా కనిపించే పశ్చిమ అమెరికా నీలి ఎల్డర్. మూడింటికీ కొమ్మ చెక్కబారి ఉంటుంది, బెరడు మీద చిన్న చిన్న బొడిపెలుంటాయి, కొమ్మ విరిస్తే లోపల మెత్తటి బెండు కనిపిస్తుంది. ఆకులు కొమ్మకు ఎదురెదురుగా పుడతాయి. ఒక్కో ఆకు ఐదు, ఏడు లేదా అంతకు కొంచెం ఎక్కువ చిన్న ఆకులుగా చీలి, అంచుల్లో రంపపు పళ్లు కనిపిస్తాయి. పువ్వు మీగడ రంగులో గొడుగు విప్పినట్టు వస్తుంది. కాయలు అదే గొడుగు మీద కాస్తాయి, బరువెక్కాక గుత్తి కిందికి వాలుతుంది.

పొడవాటి జడలా వేలాడే గుత్తికి నల్లని కాయలు, నున్నని గులాబీ రంగు కాండం, చీలని ఆకులు కనిపిస్తే అది పోక్‌వీడ్. విషపు మొక్క, ముట్టవద్దు. చెక్క లేకుండా ఏటేటా నేలలోంచి మొలిచి, మనిషి ఎత్తులోపే ఆగి, గుత్తిని నిటారుగా పైకెత్తి పట్టేది మరుగుజ్జు ఎల్డర్. అదీ పనికిరాదు. కాయలు పండాక కూడా ఎర్రగానే ఉండి, గుత్తి గోపురంలా కనిపిస్తే అది ఎర్ర ఎల్డర్, దాన్నీ వదిలేయండి. కాండం నిండా ముళ్లుంటే అది అసలు ఎల్డరే కాదు. వాటర్ హెమ్లాక్ అనే ప్రాణాంతకమైన మొక్కతో పొరపాటు ఎక్కువగా పూత దశలో జరుగుతుంది. దాని కాండం చెక్కబారదు, లోపల బోలుగా ఉంటుంది, దానికి రసమున్న పండ్లు కాయవు. ఈ గుర్తుల్లో ఒక్కటి కుదరకపోయినా కోయకండి.

ఇక పండు సంగతి. నల్ల ఎల్డర్ పండు మిరియపు గింజ కన్నా కాస్త పెద్దది. పూర్తిగా పండితే దాదాపు నల్లగా మారుతుంది, వేళ్ల మధ్య నలిపితే ముదురు ఊదా రసం కారుతుంది. ఎర్రగా ఉందంటే ఇంకా పండలేదన్నమాట. ఒకే గుత్తిలో నల్లవీ, ఎర్రవీ, పచ్చివీ కలిసి ఉండటం ఈ చెట్టు స్వభావం. గుత్తిలో నాలుగో వంతు పచ్చిగా ఉంటే కోయకుండా వారం ఆగడం మేలు. అక్కడక్కడ నాలుగు పచ్చివి ఉంటే కోసి ఏరేయవచ్చు. కోసిన పండు మామూలు గది వేడిలో కొన్ని గంటల్లోనే పులవడం మొదలుపెడుతుంది కాబట్టి కోసినరోజే వలవాలి, లేదా ఫ్రీజర్‌లో పెట్టాలి. ఫ్రిజ్‌లోనైతే ఒక రోజుకు మించి ఉంచకపోవడం మంచిది. మీరు నేరుగా ఫ్రీజర్‌లో పెట్టడం వల్ల సగం పని తేలికైంది. కాడలు తీయడానికి అంతకన్నా సుళువైన దారి లేదు.

కాడలు తీయడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రసం రుచి ఇక్కడే తేలిపోతుంది. గడ్డకట్టిన పండు తొడిమ దగ్గర పెళుసుగా విరుగుతుంది. తాజా పండైతే తొడిమను పట్టుకుని సాగుతుంది, చిట్లుతుంది, చేతులన్నీ రంగు చేస్తుంది. అందుకని మూడు కిలోలూ ఒకేసారి బయటికి తీయకండి. అరకిలో చొప్పున తీసి పెద్ద పళ్లెం మీద గుత్తిని తలకిందులుగా పట్టుకుని వేళ్లతో మెల్లగా దువ్వండి. పండ్లు గలగలా రాలతాయి. సంచిలోనే ఉంచి గట్టిగా పిసికితే పని తొందరగా అవుతుంది కానీ సన్నటి తొడిమలు కూడా ముక్కలై పండ్లలో కలుస్తాయి. అవి ఏరడం రాలగొట్టడం కన్నా పెద్ద పని. పది నిమిషాలు దాటితే పండు మెత్తబడి మళ్లీ తొడిమను వదలదు. అప్పుడు ఆ వాయిని తిరిగి ఫ్రీజర్‌లో పెట్టి ఇంకోటి తీసుకోండి.

రాలిన పండ్లను అంచు తక్కువగా ఉన్న పళ్లెంలో పోసి ఏటవాలుగా పట్టుకుని తట్టండి. గుండ్రటి పండ్లు దొర్లి కింది గిన్నెలో పడతాయి, కాడ ముక్కలూ ఎండాకులూ పళ్లెంలోనే నిలిచిపోతాయి. చేట ఉండి, చెరగడం వచ్చినవాళ్లకు ఇది ఇంకా తేలిక. పచ్చివి, ఎర్రవి, ముడుచుకుపోయినవి ఈ దశలోనే కంటితో చూసి ఏరేయండి. చివరికి వేయి పండ్లకు ఒకటో రెండో దారపు పోగంత తొడిమలు మిగిలితే భయపడనక్కర్లేదు. గుత్తి మధ్యలో ఉండే లావాటి కాడ ఒక్కటి కూడా మిగలకూడదు.

ఎప్పుడైనా తాజా గుత్తులతో చేయాల్సి వస్తే ఫోర్కు వాడండి. కాడను ఫోర్కు పళ్ల మధ్య పెట్టి కిందికి లాగితే పండ్లు ఊడివస్తాయి. ఎక్కువ మొత్తమైతే సుమారు 12 మిల్లీమీటర్ల కన్నాలున్న స్టీలు జాలీని వెడల్పాటి గిన్నె మీద పరిచి, గుత్తిని దానిమీద తేలిగ్గా రాయండి. తర్వాత నీళ్లలో పోస్తే పండినవి మునుగుతాయి, పచ్చివి చాలావరకు తేలుతాయి. పురుగులూ ఆకు తునకలూ కూడా పైకి వస్తాయి. ఈ నీళ్ల పరీక్ష తాజా పండుకే. గడ్డకట్టిన పండు మంచిదైనా కాకపోయినా తేలుతుంది కాబట్టి మీ పండ్లకు కంటి ఏరుడే గతి.

ఇంకో మాట. గిన్నె అంచున, జాలీ మీద పచ్చటి జిగురు పట్టుకోవడం చూస్తారు. సబ్బుకు అది వదలదు. పొడి గిన్నెకు ముందు వంటనూనె రాసి గుడ్డతో రుద్దండి, ఆ తర్వాత సబ్బు పెట్టండి. నీళ్లు పోశాక నూనె రాస్తే లాభం లేదు.

కొలతలు ఎప్పుడూ వలిచిన పండు బరువుకే చూసుకోండి. కిలో తాజా పండుకు 200 మి.లీ. నీళ్లు, ఫ్రీజర్‌లోంచి తీసినదానికి 150 మి.లీ. చాలు. గడ్డకట్టినప్పుడు లోపలి కణాలు పగిలి ఉంటాయి కనుక పండు తనంతట తానే నీరు వదులుతుంది. కరగనివ్వకుండా నేరుగా గిన్నెలో వేయవచ్చు. గిన్నె స్టీలుదైనా, ఎనామిల్ పూత చెక్కుచెదరనిదైనా సరే. అల్యూమినియం, ఇనుము వద్దు. పండు పులుపు లోహాన్ని తింటుంది, రంగు మసకబారుతుంది, రసానికి లోహపు రుచి వస్తుంది. సగానికి మించి నింపకండి, బాగా నురుగు కడుతుంది.

మధ్యస్థమైన సెగ మీద మూత లేకుండా పెట్టి కలుపుతూ ఉండండి. మూత వేయవద్దనడానికి కారణం ఉంది. హైడ్రోజన్ సయనైడ్ దాదాపు 26 డిగ్రీల సెల్సియస్‌కే ఆవిరయ్యే పదార్థం. మూత లేకపోతే వెళ్లిపోతుంది, ఉంటే ఆవిరి చల్లబడి మళ్లీ గిన్నెలోకే కారుతుంది. వంటగది కిటికీ తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే వేయండి. ప్రెషర్ కుక్కర్ వాడదామనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. ఆవిరి లోపలే ఉండిపోవడం ఒకటి, నురుగుతో పైకి లేచిన తొక్కలు విజిల్ రంధ్రానికి అడ్డుపడటం రెండోది.

కాసేపటికి పండ్లు ఒక్కొక్కటే పగిలి రసం ఊరుతుంది. అప్పుడు పప్పుగుత్తితోనో, చెక్క గరిటెతోనో మెల్లగా మెదపండి. తొక్క చిట్లితే చాలు, గింజలు నలగకూడదు. మొదట వేడి చేసి తర్వాత మెదపమనడం ఎందుకంటే వేడికి ఎంజైమ్ పనిచేయడం ఆగిపోతుంది. గిన్నె అంతటా బుడగలు లేచిన క్షణం నుంచి గడియారం చూసుకుని 20 నిమిషాలు సన్నని సెగ మీద ఉడకనివ్వండి. థర్మామీటర్ ఉంటే ఆ 20 నిమిషాలూ 85 డిగ్రీల కిందికి పడకుండా చూడండి. అంచుల్లో మాత్రమే బుడగలు వస్తుంటే ఇంకా లెక్క మొదలుపెట్టకండి. మధ్యలో ఉన్న పండు అప్పటికి గోరువెచ్చగానే ఉంటుంది. అడుగంటనిచ్చారా, రసం మొత్తానికీ మాడు చేదు పడుతుంది, దాన్ని తీసేయడానికి ఏ ఉపాయమూ లేదు. పైన కట్టే ఊదా నురుగును గరిటెతో తీసేస్తే రసం తేటగా వస్తుంది.

వడకట్టడానికి పల్చటి నూలు గుడ్డను రెండు మడతలు వేసి, తడిపి పిండి, చిల్లుల గిన్నె మీద పరవండి. పొడి గుడ్డ ముందు తానే రసం తాగుతుంది. ఈ గుడ్డకు పట్టిన రంగు మళ్లీ పోదు కాబట్టి దీనికని ఒకటి కేటాయించుకోండి. వేడి గుజ్జు పోసి గంటా గంటన్నర కారనివ్వండి. రాత్రంతా గది వేడిలో వేలాడదీసే పద్ధతి ఎల్డర్‌కు సరిపోదు, రసం పులుస్తుంది. తేట రసం కావాలంటే గుడ్డను పిండకండి. మడ్డి ఉన్నా ఫరవాలేదనుకుంటే చల్లారాక మెల్లగా ఒత్తండి, మరో గ్లాసుడు వస్తుంది. గట్టిగా మెలితిప్పితే గింజల మధ్య ఉన్న వగరు కూడా దిగుతుంది.

కిలో పండుకు 600 నుంచి 750 మి.లీ. రసం రావచ్చు. పిప్పిలో ఇంకా రంగు మిగిలి ఉంటుంది. కిలో పండు పిప్పికి 300 మి.లీ. నీళ్లు పోసి పది నిమిషాలు ఉడికించి రెండోసారి వడకట్టుకోవచ్చు. ఈ రెండో నీరు పల్చగా ఉంటుంది, మొదటి రసంలో కలపకుండా ఆ రోజే వాడేస్తే మేలు. మూడోసారి ప్రయత్నించవద్దు, వగరు తప్ప ఏమీ దిగదు.

వడకట్టిన రసాన్ని మళ్లీ గిన్నెలో పోసి మూత లేకుండా ఐదు నిమిషాలు మరిగించండి. గుడ్డ, గరిటె, చేయి తగిలి చేరిన సూక్ష్మజీవులకు ఇదే మందు. స్టీమ్ జూసర్ ఉన్నవాళ్లకు ఈ అడుగు ఇంకా అవసరం. ఆ పాత్రలో అడుగున నీళ్లు, మధ్యలో రసం చేరే గిన్నె, పైన చిల్లుల బుట్ట ఉంటాయి. పండ్లు పైబుట్టలో వేసి, ఆవిరి పుట్టాక 45 నిమిషాల నుంచి గంట దాకా ఉంచితే గొట్టంలోంచి తేట రసం వస్తుంది. మెదపడమూ లేదు, గుడ్డా లేదు. కానీ మూత వేసే ఉంటుంది కాబట్టి, వచ్చిన రసాన్ని తెరిచిన గిన్నెలో పది నిమిషాలు మరిగించాలి. అడుగు గిన్నెలో నీళ్లు ఇంకిపోకుండా మధ్యలో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు రుచి చూడండి. ఒట్టి ఎల్డర్ రసం మీరనుకున్నంత తియ్యగా ఉండదు. కొంచెం మట్టి వాసన, కొంచెం వగరు, అడుగున సన్నటి పులుపు ఉంటాయి. అది దాని సహజ గుణం, మీరేదో పాడుచేశారని కాదు. లీటరుకు 45 నుంచి 60 మి.లీ. నిమ్మరసం పడితే ఆ మట్టి వాసన వెనక్కి తగ్గి పండు రుచి ముందుకు వస్తుంది. రంగు కూడా ఊదా నుంచి మెరిసే ఎరుపులోకి తిరుగుతుంది, ఎందుకంటే ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లు పులుపులో ఎర్రబడతాయి, క్షారంలో నీలి మొహం వేస్తాయి. పంచదార లీటరుకు 100 నుంచి 150 గ్రాములతో మొదలుపెట్టి మీ నాలుకను బట్టి పెంచుకోండి. తేనె వాడితే రసం గోరువెచ్చగా అయ్యాక కలపండి, ఏడాది నిండని పిల్లలకు తేనె కలిపింది ఇవ్వకండి. ఆపిల్ రసం సగానికి సగం కలిపితే పంచదార అవసరం బాగా తగ్గుతుంది.

కాచిన తర్వాత కూడా చేదు ఉందంటే మూడింట్లో ఒకటి జరిగి ఉంటుంది: కాడ మిగిలింది, ఎర్ర పచ్చికాయలు ఎక్కువ పడ్డాయి, లేదా అడుగంటింది. మొదటి రెండూ అయితే పంచదారతో కప్పిపుచ్చి తాగకండి. చేదును తీపి దాచగలదు గానీ దాని వెనకున్నదాన్ని తీసేయలేదు. పసరు వాసన గట్టిగా వస్తున్న రసాన్ని పారబోయాలి. మడ్డి పేరుకుంటే మాత్రం దిగులు లేదు. ఒక రాత్రి ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచి పైతేటను వంచుకోండి.

దాచడం గురించి మీరు అడిగిన ప్రశ్నకు సమాధానం మీకు నచ్చకపోవచ్చు. సీసాల్లో పోసి అల్మరాలో ఏడాది పెట్టుకోవద్దు. పీహెచ్ అంటే పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ఇంట్లో సీసాల్లో నిలవ చేసే పద్ధతులకు పీహెచ్ 4.6 అన్నది గీత. అంతకన్నా పులుపైన పండ్ల రసాలను మరిగే నీళ్లలో సీసాలు ముంచి నిలవ చేయవచ్చు. పులుపు తక్కువై పీహెచ్ ఆ గీత దాటితే, గాలి చొరని సీసాలో బొటులినం అనే సూక్ష్మజీవి పెరిగి విషం తయారుచేయగలదు. దాని బీజాలు మరిగే నీటి వేడికి చావవు. ఎల్డర్‌బెర్రీ సరిగ్గా ఈ గీత దగ్గరే ఉండే పండు. జాతిని బట్టి, చెట్టును బట్టి, ఎంత పండిందన్నదాన్ని బట్టి కొన్ని కిందికి, కొన్ని పైకి పోతాయి. అమెరికా ఎల్డర్‌లో 4.6 దాటిన పండ్లు కనిపించాయి. యూరప్‌లో చాలా ఇళ్లలో వేడివేడి రసాన్ని సీసాల్లో నింపి నెలలు దాచే అలవాటు ఉన్నమాట నిజమే. కానీ మీ పొద ఏ జాతిదో, ఈ ఏటి కాపు పులుపెంతో నాలుక చెప్పలేదు. రంగుతో చూసే పీహెచ్ కాగితం కూడా ఇక్కడ పనికిరాదు, ఈ రసం రంగే కాగితం రంగును మింగేస్తుంది. నిమ్మరసం కలిపాం కదా అంటే, పైన చెప్పిన కొలత రుచి కోసం చెప్పినది, నిలవకు హామీ కాదు. రసంలో కలిపే పంచదార కూడా ఇందుకు చాలదు. బొటులినం చేరిన సీసా పొంగకపోవచ్చు, వాసన రాకపోవచ్చు, రుచి మారకపోవచ్చు. అందుకే ఈ ఒక్క విషయంలో రాజీ వద్దు.

ఫ్రీజర్ ఉండగా ఆ తిప్పలు దేనికి? రసం గిన్నెను చల్లటి నీళ్ల తొట్టిలో పెట్టి కలుపుతూ తొందరగా చల్లార్చండి, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లోకి గానీ ఫ్రీజర్‌లోకి గానీ చేరాలి. ఫ్రిజ్‌లో మూత బిగించిన శుభ్రమైన సీసాలో ఐదు రోజులు, మహా అయితే వారం. బుడగలు కనిపించినా, మూత తీయగానే బుస్సుమన్నా, కల్లు వాసన వచ్చినా పారబోయండి. ఫ్రీజర్‌లో ఏడాది దాకా రుచి పెద్దగా తగ్గదు. డబ్బా నిండా పోయకండి, గడ్డకడితే రసం ఉబ్బుతుంది. పైన రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ వదలండి. గాజు సీసా అయితే మెడ సన్నగా లేనిది, భుజం లేకుండా నిలువుగా ఉన్నది చూసుకోండి. మెడ సీసాలు ఆ భుజం దగ్గరే పగులుతాయి. ఐస్ ట్రేల్లో పోసి గడ్డకట్టాక ముక్కలను సంచిలోకి మార్చుకుంటే ఎన్ని కావాలంటే అన్నే తీసుకోవచ్చు. మామూలు ట్రేలో ఒక్కో ముక్క రెండు టేబుల్‌స్పూన్లంత ఉంటుంది. ఒకసారి ఫ్రిజ్‌లో కరిగించినదాన్ని మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. ప్లాస్టిక్ డబ్బాకు పట్టిన ఊదా రంగు పోదు, ఆ డబ్బా ఇక రసానికే.

తాగేటప్పుడు ఒక వంతు రసానికి మూడు నాలుగు వంతుల నీళ్లు కలుపుకోవాలి. పద్ధతిగా కాచినదైనా మొదటిసారి చిన్న గ్లాసుతో ఆపి, మర్నాటి దాకా చూడండి, కొందరి కడుపుకు ఈ పండు కాచినా పడదు. ఎవరికైనా వికారం, వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు, నీరసం వస్తే రసం ఆపి వెంటనే వైద్యుడికి చెప్పండి. మగతగా ఉన్నా, ఊపిరి ఆడటంలో తేడా కనిపించినా ఇంట్లో కూర్చోబెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, తాగింది ఏమిటో, కాడలు ఆకులు కలిశాయా లేదా చెప్పండి. జలుబుకూ ఫ్లూకూ ఇది మందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ విషయంలో జరిగిన పరీక్షలు చిన్నవి, ఫలితాలు ఒక్క తీరున లేవు. పండ్ల రసంగానే తాగండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతున్నవారు, మధుమేహానికి మందులు తీసుకుంటున్నవారు ముందుగా తమ వైద్యుడిని అడగాలి.

బట్ట మీద పడితే సబ్బుకు తొందరపడకండి, సబ్బు క్షారానికి మరక నీలిబూడిద రంగులోకి తిరుగుతుంది. ముందు చల్లటి నీళ్లలో జాడించి, మరక మీద నిమ్మరసం పిండి పది నిమిషాలు ఉంచాలి. తర్వాత, నూలు బట్టయితే, గిన్నె మీద బిగించి కట్టి వేడినీళ్లు పైనుంచి ధారగా పోయండి.

మీ మూడు కిలోల గుత్తులకు ఇలా చేయండి. ఒకరోజు సాయంత్రం అరకిలో చొప్పున ఆరు వాయిలు వలిచి, ఏరి, పండ్లను తిరిగి ఫ్రీజర్‌లోనే పెట్టేయండి. మర్నాడు తూకం వేసుకుని, రెండు గిన్నెలకు పంచి కాచండి, ఒకే పెద్ద గిన్నెలో అన్నీ వేస్తే మధ్యకు వేడి అందడం ఆలస్యమవుతుంది, అడుగు మాడుతుంది. లీటరున్నర పైన రసం వస్తుందనుకుని మూడు ఐస్ ట్రేలు, అరలీటరు డబ్బాలు మూడు కడిగి ఆరబెట్టి ఉంచుకోండి. పొద మీద ఇంకా ఎర్రగా ఉన్న గుత్తులను మాత్రం అలాగే వదిలి, నల్లబడి కిందికి వాలాక కోయండి.